మెసేజ్ పెట్టామన్నారు, మాకు చేరలేదు: అమెరికా మొబైల్ కంపెనీలకు, ఎఫ్‌సీసీకి ఒక బహిరంగ లేఖ

అమెరికాలోని మొబైల్ కంపెనీల కస్టమర్ సర్వీస్, నెట్‌వర్క్ విభాగాల అధిపతులకు,
ఫోన్ కంపెనీలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) వారికి,

నమస్కారం.

నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఒకే ఫ్యామిలీ ప్లాన్ కింద నాలుగు లైన్లకు నెల నెలా బిల్లు కడుతున్నాను. గత మార్చి 4న ఆ నాలుగు నంబర్లనూ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోర్ట్ చేయించుకున్నాం, అంటే నంబర్లు అవే ఉంచుకుని కంపెనీ మారాం. మూడు లైన్లు గంటలోపే సర్దుకున్నాయి. నాలుగోది నాది. దాని మీద విజువల్ వాయిస్ మెయిల్ (ఎత్తని కాల్స్‌కి అవతలివాళ్ళు మాట్లాడి పెట్టిన మెసేజ్‌లను ఫోన్ తెర మీద వరుసగా చూపించే సదుపాయం) 23 రోజులు యాక్టివేట్ కాలేదు. ఆ 23 రోజుల్లో కస్టమర్ కేర్‌కి ఆరుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు స్టోర్‌కి వెళ్ళాను, కంపెనీ చిరునామాకు ఉత్తరం కూడా రాశాను. ఉత్తరానికి "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. అందులో నా సమస్య గురించి ఒక్క ముక్క లేదు. అందుకే అందరికీ కనిపించేలా ఈ లేఖ రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నా స్నేహితుల్లో వేర్వేరు కంపెనీల లైన్లు ఉన్నవాళ్ళని అడిగితే, కంపెనీ మారినా కథ ఇదేనని చెప్పారు. కాబట్టి ఈ లేఖ మీ అందరికీ.

జరిగింది ముందు చెప్తాను.

మా నాన్నగారు పోయాక అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. అమ్మకి ఇంగ్లిష్ రాదు. డాక్టర్ దగ్గరైనా, ఫార్మసీలో అయినా, ల్యాబ్‌లో అయినా ఆమె పేరు పక్కన రాసేది నా నంబరే. మా పిల్లల స్కూల్లో, అపార్ట్‌మెంట్ ఆఫీసులో, బ్యాంకులో కూడా నా నంబరే ఉంది. ఇక్కడ ఉన్న చాలా తెలుగు ఇళ్ళల్లో ఇంతే. ఇంట్లో ఇంగ్లిష్ గడగడా మాట్లాడే ఒక్కరి నంబరు మీద ఇల్లంతా నడుస్తుంది.

ఫిబ్రవరి ఆఖర్లో అమ్మకి థైరాయిడ్ గడ్డ దగ్గర సూదితో నమూనా తీశారు. ఫలితం రాగానే ఫోన్ చేస్తామన్నారు. రోజూ సాయంత్రం నేను లాప్‌టాప్ మూసేసరికి అమ్మ వచ్చి "ఫోనేమన్నా వచ్చిందా అమ్మడూ?" అని అడిగేది. రాలేదని చెప్పేదాన్ని. నిజానికి మార్చి 9న ఒకసారి, 11న ఒకసారి వచ్చింది. రెండుసార్లూ నేను మీటింగ్‌లో ఉన్నాను. మిస్డ్ కాల్ కనిపించింది, తెలియని నంబరు, వాయిస్ మెయిల్ లేదు. మెసేజ్ పెట్టలేదంటే స్పామ్ కాల్ అనుకున్నాను. ఈ దేశంలో ఎవరైనా అలాగే అనుకుంటారు.

మార్చి 20న క్లినిక్ నుంచి పోస్టులో కాగితం వచ్చింది. మీకు రెండుసార్లు ఫోన్ చేశాం, రెండుసార్లూ మెసేజ్ పెట్టాం, మీ నుంచి జవాబు లేదు కాబట్టి స్పెషలిస్ట్ దగ్గర మీ కోసం ఆపి ఉంచిన అపాయింట్‌మెంట్ ఇంకొకరికి ఇచ్చాం అని అందులో ఉంది. అప్పటికప్పుడు ఫోన్ చేస్తే దొరికిన తేదీ ఏప్రిల్ 24. అంటే ఐదు వారాలు. చివరికి ఆ గడ్డ ప్రమాదం లేనిదేనని తేలింది, దేవుడి దయ. కానీ ఆ ఐదు వారాలు మా అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. రాత్రి రెండు గంటలకి లేచి చూస్తే హాల్లో లైటు వేసుకుని కూర్చుని ఉండేది.

క్లినిక్ వాళ్ళ తప్పు కూడా లేదు. వాళ్ళకి గ్రీటింగ్ వినిపించింది, బీప్ వినిపించింది, మాట్లాడి పెట్టేశారు. ఫైల్లో "మెసేజ్ పెట్టాం" అని రాసుకున్నారు. పెట్టినవాళ్ళు చేరిందనుకున్నారు. నేను అసలు పెట్టలేదనుకున్నాను. ఇద్దరం పొరపడ్డామని మధ్యలో ఉన్న మీ సర్వర్‌కి మాత్రమే తెలుసు. అది ఎవరికీ చెప్పలేదు.

ఆ 23 రోజులూ నా ఫోన్‌లో కనిపించింది ఒకటే. ఫోన్ యాప్‌లో వాయిస్ మెయిల్ అన్న చోట నొక్కితే, విజువల్ వాయిస్ మెయిల్ యాక్టివేట్ అవుతోంది, పూర్తయ్యేదాకా కొత్త మెసేజ్‌ల నోటిఫికేషన్ రాకపోవచ్చు అని సన్నటి బూడిద రంగు అక్షరాలు. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు. యాక్టివేట్ "అవుతోంది" అంటే ఎవరైనా ఏమనుకుంటారు? కాసేపట్లో అయిపోతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వారం రోజులు పట్టించుకోలేదు. ఒకటి అంకె నొక్కి పట్టుకుంటే పాత పద్ధతిలో వాయిస్ మెయిల్‌కి కాల్ వెళ్ళేది కానీ, నేనెప్పుడూ పెట్టని పాస్‌వర్డ్ అడిగేది. పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే టెక్స్ట్ వస్తుందన్నారు. ఆ టెక్స్ట్ కూడా రాలేదు.

అసలు లోపల ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. తప్పు ఎక్కడుందో వెతకడమే నా ఉద్యోగం కాబట్టి దీన్ని కూడా అలాగే వెతికాను.

నేను కాల్ ఎత్తకపోతే, బిజీగా ఉంటే, సిగ్నల్ లేకపోతే నెట్‌వర్క్ ఆ కాల్‌ని వాయిస్ మెయిల్ నంబరుకి మళ్ళిస్తుంది. ఇది మొదటి గడప. సర్వర్‌లో నా పేరున ఒక బాక్స్ ఉండాలి, నా లైన్ మీద విజువల్ వాయిస్ మెయిల్ అనే ఫీచర్ వేసి ఉండాలి. ఇది రెండో గడప. మూడోది ఫోన్ వైపుది. ఫోన్ నాకు కనిపించకుండా కంపెనీ సర్వర్‌కి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, సర్వర్ ఇంకో ఎస్సెమ్మెస్‌తో జవాబిస్తుంది. మెసేజ్‌లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో, ఏ పాస్‌వర్డ్ వాడాలో ఆ జవాబులో ఉంటుంది. అప్పుడు ఫోన్ ఈమెయిల్ తెచ్చుకున్నట్టే వాయిస్ మెయిల్‌ని తెచ్చుకుంటుంది. చాలా నెట్‌వర్కుల్లో దీనికి మొబైల్ డేటా ఆన్‌లో ఉండాలి, వైఫై ఒక్కటే సరిపోదు. మూడు గడపల్లో ఏ ఒక్కటి దాటకపోయినా మెసేజ్ సర్వర్‌లోనే పడి ఉంటుంది. ఉత్తరం పోస్టాఫీసుకి చేరింది, పోస్ట్‌మన్‌కి మాత్రం ఎవరూ ఇల్లు చెప్పలేదన్నట్టు.

ఆండ్రాయిడ్ ఫోన్లు వాడే ప్రమాణం ప్రకారం, సర్వర్ ఇచ్చే ఆ జవాబులోనే లైన్ పరిస్థితి కూడా ఉంటుంది. కొత్తదా, సిద్ధంగా ఉందా, ఆపేశారా, అసలు ఈ నంబరు ఎవరిదో సర్వర్‌కి తెలియదా అన్నది అందులో రాసి ఉంటుంది. సర్వర్ జవాబిచ్చినప్పుడు కారణం కూడా ఫోన్‌కి తెలుస్తుంది. అసలు జవాబే రాకపోతే, రాలేదన్న సంగతీ తెలుస్తుంది. మాకు మాత్రం "అవుతోంది" అని చూపిస్తారు.

ఇప్పుడు మీ కాల్ సెంటర్ సంగతి. ఆరు కాల్స్‌లో నా చేత చేయించినవి ఇవి: రీస్టార్ట్, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయడం, ఫోన్ యాప్ డేటా చెరిపేయడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, రెండుసార్లు నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్. రీసెట్ చేస్తే ఇంట్లో, ఆఫీసులో, పిల్లల క్లాసుల దగ్గర పెట్టుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. నాలుగో కాల్‌లో సిమ్ తీసి మళ్ళీ పెట్టమన్నారు. నాది ఈ-సిమ్, అంటే ఫోన్ లోపలే ఉండే సిమ్, బయటికి తీసేది కాదని చెప్పాను. అయినా వాళ్ళ ముందున్న కాగితంలో తర్వాతి మెట్టు అదే కాబట్టి, చేశానని చెప్పేదాకా ముందుకు కదల్లేదు. ఐదో కాల్‌లో ఫోన్ మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. ఆ కాల్ 52 నిమిషాలు నడిచింది. వంటింట్లో ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే అమ్మ హాల్లో టీవీ సౌండ్ తగ్గించి వచ్చి, పప్పుగుత్తి చేతిలోనే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఒక్క మాటా అర్థం కాకపోయినా నా మొహం చూసి పని కాలేదని తెలుసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ప్రతి కాల్‌లో ఒకటే అడిగాను. అదే ప్లాన్‌లో, అదే రోజు పోర్ట్ అయిన మా ఆయన ఫోన్ కూడా ఇదే మోడల్. దానిలో పని చేస్తోంది, దీనిలో చేయట్లేదు. మరి తేడా ఫోన్‌లో ఉందా, లైన్‌లో ఉందా? ఆరో కాల్‌లో నన్ను పై స్థాయి టెక్నీషియన్‌కి కలిపారు. ఆయన నా అకౌంట్ తెరిచి, నాలుగు లైన్లనూ పక్కపక్కన పెట్టి చూసి, "మీ లైన్ మీద మామూలు వాయిస్ మెయిల్ మాత్రమే పడింది మేడమ్, విజువల్ పడలేదు" అన్నారు. ఉన్న ఫీచర్ తీసేసి కొత్తది వేశారు, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయమన్నారు. మొత్తం 11 నిమిషాలు. నా ఫోన్‌లో మార్చవలసింది ఏమీ లేదు, మొదటి రోజు నుంచీ లేదు.

ఆ 11 నిమిషాల్లోనే ఇంకొకటి జరిగింది. ఫీచర్ తీసి మళ్ళీ వేసినప్పుడు పాత బాక్స్ చెరిగిపోయి కొత్తది తయారైంది. 23 రోజులుగా అందులో ఎన్ని మెసేజ్‌లు పడ్డాయో, ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. చేసే ముందు ఆ టెక్నీషియన్ చెప్పలేదు. బహుశా చెప్పాలని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. సమస్య తీర్చినందుకు ఆయన మీద నాకు గౌరవమే ఉంది.

మూడు గడపల్లో రెండు పూర్తిగా మీ చేతుల్లో ఉన్నవి. మీ కాల్ సెంటర్ వాళ్ళ కాగితంలో మాత్రం అన్నీ మూడో గడపకి సంబంధించినవే. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇదే. తప్పు మీ వైపు ఉందేమోనని చూసుకోకుండా, మా ఫోన్లు మా చేతే చెరిపిస్తున్నారు.

ఇది చిన్న సౌకర్యం కదా, దీనికి ఇంత గొడవా అనుకునేవాళ్ళు ఉంటారు. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోన్‌ని శాన్ ఫ్రాన్సిస్కోలో వేదిక మీద చూపించినప్పుడు విజువల్ వాయిస్ మెయిల్ నిజంగానే ఒక సౌకర్యం. ఆరో మెసేజ్ వినడానికి ముందున్న ఐదూ వినక్కర్లేదన్నదే దాని గొప్ప. ఇప్పుడు పరిస్థితి వేరు. స్పామ్ కాల్స్ వల్ల తెలియని నంబరు ఎవరూ ఎత్తడం లేదు. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ ఎత్తవద్దని వినియోగదారులకు సలహా ఇచ్చింది కమిషన్ వారే. మంచి సలహా, మేం పాటిస్తున్నాం. కానీ ఎత్తకూడదంటే, నిజంగా అవసరం ఉన్న మనిషి మాట చేరడానికి మిగిలింది వాయిస్ మెయిల్ ఒక్కటే. అది ఆగిపోతే సామాన్యుల మీద ఏం పడుతుందో నా చుట్టూ చూసినవి రాస్తాను.

1. రోగులు. మా అమ్మ సంగతి చెప్పాను. ఆరోగ్య సమాచారం గోప్యంగా ఉంచాలన్న 1996 నాటి హిపా చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని క్లినిక్‌లు వాయిస్ మెయిల్‌లో వివరాలు చెప్పవు. పేరు, తిరిగి చేయవలసిన నంబరు, అంతే. కాబట్టి ఆ పది సెకన్ల మెసేజ్ పోతే దానిలోని విషయం ఇంకో దారిలో తెలిసే అవకాశం తక్కువ. ఆన్‌లైన్ పోర్టల్ చూసుకోవచ్చు కదా అంటారు. అరవై దాటిన అమ్మలూ నాన్నలూ ఎంతమంది ఇంగ్లిష్ పోర్టల్ తెరిచి ల్యాబ్ రిపోర్ట్ చదువుకోగలరు?

2. ఉద్యోగం పోయినవాళ్ళు. ఇది మన తెలుగువాళ్ళలో ఎంతమందికి తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనిషికి లేఆఫ్ అయితే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. నాకు తెలిసిన ఒక అబ్బాయి, మా తమ్ముడితో చదువుకున్నవాడు, లేఆఫ్ అవగానే ఖర్చు తగ్గించుకుందామని చవకైన ప్రీపెయిడ్ ప్లాన్‌కి మారాడు. ఆ ప్లాన్‌లో విజువల్ వాయిస్ మెయిల్ లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో బటన్ మాత్రం ఉంది, నొక్కితే ఆన్ అయినట్టే కనిపించింది. అరవైలో పద్దెనిమిది రోజులు అలాగే గడిచాయి. ఎవరూ ఫోన్ చేయట్లేదని, తన రెజ్యుమేలోనే ఏదో లోపం ఉందని రాత్రుళ్ళు కూర్చుని దాన్ని దిద్దుకున్నాడు. తర్వాత ఒక రిక్రూటర్ లింక్డిన్‌లో మెసేజ్ పెట్టింది, "మీ వాయిస్ మెయిల్‌లో రెండుసార్లు చెప్పాను, ఆసక్తి లేదనుకుని ఆ పొజిషన్ ఇంకొకరికి ఇచ్చేశాం" అని. ఆ అబ్బాయికి ఆ పద్దెనిమిది రోజులు ఎవరు తిరిగి ఇస్తారు? నెలకి పాతిక డాలర్లు మిగుల్చుకోబోతే అతనికి పడిన దెబ్బ అది. ఆ ప్లాన్ అమ్మిన పేజీలో వాయిస్ మెయిల్ గురించి ఒక్క మాట రాసి ఉంటే అతను ముందే ఒకటి అంకె నొక్కి చూసుకునేవాడు.

3. పిల్లలున్న ఇళ్ళు. స్కూల్ నర్స్ ఫోన్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, లిస్టులో తర్వాతి నంబరుకి చేస్తుంది. తర్వాతి నంబరు లేని ఇళ్ళూ ఉంటాయి.

4. పెద్దవాళ్ళు. మన ఊళ్ళల్లో వాయిస్ మెయిల్ అలవాటు లేదు. మిస్డ్ కాల్ ఇస్తే చూసి మనమే చేస్తాం. ఇక్కడికి వచ్చాక అమ్మానాన్నలకి బీప్ తర్వాత మాట్లాడాలని నేర్పడానికే నెలలు పడుతుంది. పాత పద్ధతి వాయిస్ మెయిల్ అయితే వాళ్ళు అసలు వాడలేరు. వేగంగా ఇంగ్లిష్‌లో గొంతు వస్తుంది, వినడానికి ఒక అంకె, చెరపడానికి ఒక అంకె, దాచడానికి ఇంకొకటి. విజువల్ వాయిస్ మెయిల్‌లో అయితే పేరు పక్కన ఉన్న గుర్తు మీద వేలు పెడితే చాలు, కూతురి గొంతు వినిపిస్తుంది. కాబట్టి ఇది యువతకి సోకు అనుకోవద్దు. భాష రానివాళ్ళకీ, చూపు తగ్గినవాళ్ళకీ వాయిస్ మెయిల్ అంటే ఇదొక్కటే.

5. పోయినవాళ్ళ గొంతులు. దీన్ని ఐదో అంకె కింద రాస్తున్నాను కానీ నాకు అన్నిటికంటే ముందుది. 2019లో నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఒకరోజు పాలకోసం షాపుకి వెళ్ళి నాకు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. "అమ్మడూ, పాలు తెమ్మన్నావు, ఏ పాలమ్మా? ఇక్కడ నాలుగు రకాలున్నాయి, ఎర్ర మూతది తేనా, నీలం మూతది తేనా?" అని మెసేజ్ పెట్టారు. అది పాత కంపెనీ వాయిస్ మెయిల్‌లో ఉండేది. ఆయన పోయాక అప్పుడప్పుడూ వినేదాన్ని. నంబరు పోర్ట్ అయిన రోజు ఆ బాక్స్ మూసేశారు. నంబరు మనతో వస్తుంది, మెసేజ్‌లు రావు. పోర్ట్ చేసే ముందు మెసేజ్‌లు దాచుకోమని రెండు కంపెనీల్లో ఒక్కరూ ఒక్క మాట చెప్పలేదు. ఒక్క టెక్స్ట్ పంపి ఉంటే, రెండు నిమిషాల్లో సేవ్ చేసుకునేదాన్ని.

ఈ లేఖ చదివే మనవాళ్ళ కోసం మధ్యలో ఒక్క మాట. ఇవాళే ఇంకో ఫోన్ నుంచి మీ నంబరుకి చేసి, ఎత్తకుండా వదిలి, బీప్ తర్వాత ఏదో ఒకటి మాట్లాడండి. అయిదు నిమిషాల్లో అది మీ ఫోన్‌లో కనిపించాలి. కనిపించకపోతే వైఫై, వీపీఎన్ ఆపి, మొబైల్ డేటా మీద ఫోన్ రీస్టార్ట్ చేసి చూడండి. ఒకటి అంకె నొక్కి పట్టుకుని పాస్‌వర్డ్, గ్రీటింగ్ పెట్టుకున్నారో లేదో చూసుకోండి, బాక్స్ నిండిపోయిందేమో కూడా. *#61# డయల్ చేస్తే ఎత్తని కాల్స్ ఏ నంబరుకి వెళ్తున్నాయో చాలా నెట్‌వర్కుల్లో కనిపిస్తుంది. స్పామ్ కాల్స్ ఆపే యాప్ ఏదైనా ఎప్పుడో వేసుకుని ఉంటే కాల్స్ దాని నంబరుకి మళ్ళుతూ ఉండొచ్చు, తీసేసినా ఆ మళ్ళింపు అలాగే ఉండిపోవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా యాక్టివేట్ కాకపోతే ఫ్యాక్టరీ రీసెట్ జోలికి పోకండి. "నా లైన్ మీద విజువల్ వాయిస్ మెయిల్ ఫీచర్ ఉందా? చూసి చెప్పండి" అని అడగండి. తీసి మళ్ళీ వేస్తామంటే, పాత మెసేజ్‌లు ముందు విననివ్వమనండి.

ఇక మీ ముందు పెడుతున్న డిమాండ్లు.

1. వాయిస్ మెయిల్ యాక్టివేట్ కాలేదని ఫోన్ చేసిన కస్టమర్ చేత ఏదైనా చేయించే ముందు, మీ ఉద్యోగి మూడు విషయాలు చూడాలి: లైన్ మీద ఫీచర్ ఉందా, కాల్స్ సరైన నంబరుకి మళ్ళుతున్నాయా, సర్వర్‌లో బాక్స్ తయారైందా. ఇవి చూడగలిగే అధికారం మొదటి కాల్ ఎత్తిన మనిషికే ఇవ్వండి. నెట్‌వర్క్ రీసెట్, ఫ్యాక్టరీ రీసెట్ అన్నవి ఈ మూడూ సరిగ్గా ఉన్నాయని రాసిచ్చాకే అడగండి.

2. కొత్త లైన్, పోర్ట్ అయిన లైన్, ఈ-సిమ్‌కి మారిన లైన్ ఏదైనా సరే, 24 గంటల్లో విజువల్ వాయిస్ మెయిల్ యాక్టివేట్ కాకపోతే మీరే టెక్స్ట్ పంపండి. "మీ వాయిస్ మెయిల్ ఇంకా సిద్ధంగా లేదు, కారణం ఇది" అని. మా అంతట మేం కనిపెట్టాలని వదిలేయకండి.

3. అది యాక్టివేట్ అయ్యేదాకా మామూలు వాయిస్ మెయిల్ నోటిఫికేషన్ తప్పనిసరిగా రావాలి. మెసేజ్ ఒకటి పడింది, ఫలానా నంబరు నుంచి, వినడానికి ఒకటి నొక్కి పట్టుకోండి అన్న మూడు ముక్కలు చాలు. నాకు మార్చి 9న ఆ మూడు ముక్కలు వచ్చి ఉంటే మా అమ్మ అపాయింట్‌మెంట్ పోయేది కాదు.

4. బాక్స్ తీసి మళ్ళీ వేసే ముందు అందులో ఎన్ని మెసేజ్‌లున్నాయో చెప్పి, వినే అవకాశం ఇచ్చి, మా అనుమతి తీసుకోండి. నంబరు పోర్ట్ అయిపోతున్నప్పుడు మెసేజ్‌లు దాచుకోమని ముందే హెచ్చరించండి. పోర్ట్ అయ్యాక కనీసం 30 రోజులు ఆ మెసేజ్‌లు చెరపకుండా ఉంచి, అడిగినవాళ్ళకి ఇవ్వండి.

5. ఫోన్ తయారీదారులకు: ఆ లైన్‌కి, ఆ ప్లాన్‌కి విజువల్ వాయిస్ మెయిల్ లేకపోతే ఆన్ చేసే బటన్ చూపించకండి. సర్వర్ చెప్పిన కారణాన్ని మామూలు మాటల్లో తెర మీద రాయండి. "అవుతోంది" అన్న మాట ఒక రోజు దాటితే తీసేసి "కాలేదు" అని రాయండి.

6. కమిషన్ వారికి: 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు, అదే ఏడాది అక్టోబర్ నుంచి చిన్న కంపెనీలు తమ ఇంటర్నెట్ ప్లాన్ల మీద ధర, వేగం, అదనపు చార్జీలు చూపించే లేబుల్ పెట్టాలని మీరు ఆదేశించారు. దాని వల్ల మాకు మేలు జరిగింది. మొబైల్ ప్లాన్ల లేబుల్‌లో ఇంకో వరుస చేర్చండి: వాయిస్ మెయిల్ ఉందా, విజువల్ ఉందా, బాక్స్‌లో ఎన్ని మెసేజ్‌లు పడతాయి, ఎన్ని రోజులు ఉంటాయి. వాయిస్ మెయిల్ ఫిర్యాదులు ఎన్ని వస్తున్నాయో విడిగా లెక్కపెట్టి ఏటా ప్రకటించండి.

ఇందులో ఏదీ కొత్త టవర్లు కట్టవలసిన పని కాదు. లైన్ పరిస్థితి మీ కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది. దాన్ని మొదటి రోజే చూడాలి, మాకు చెప్పాలి, అంతే.

ఈ లేఖతో పాటు నా పేరు, లైన్ వివరాలతో కమిషన్ దగ్గర ఫిర్యాదు కూడా నమోదు చేశాను. దానికి నా కంపెనీ 30 రోజుల్లోగా జవాబు చెప్పాలి. ఆ జవాబులో నాకు బిల్లు తగ్గింపు అక్కర్లేదు, క్షమాపణ కార్డు అక్కర్లేదు. రెండు విషయాలు రాయండి. మార్చి 4న నా లైన్ మీద ఆ ఫీచర్ ఎందుకు పడలేదు? ఆ వారంలో మీ దగ్గరికి పోర్ట్ అయి వచ్చిన లైన్లలో ఇంకా ఎన్నింటి మీద పడలేదు? వాళ్ళల్లో చాలామందికి ఇప్పటికీ తెలిసి ఉండదు. వాళ్ళ బాక్సులు చెరిపేయకముందే వాళ్ళకి ఫోన్ చేయండి. ఎత్తకపోతే వాయిస్ మెయిల్ పెట్టి ఊరుకోకండి, టెక్స్ట్ కూడా పంపండి.

ఇట్లు,
నాలుగు లైన్ల ఖాతాదారు
ఇర్వింగ్, టెక్సాస్